అమ్మ మూటగట్టిన గింజలు

బళేపేటలో తెల్లవారిందని చెప్పడానికి కోడి అక్కర్లేదు, షట్టర్లు చాలు. గల్లీ మొదట్లో ఒకటి గరగరమని లేస్తే దాని వెనకే వరసగా అన్నీ లేస్తాయి. ఆ రోజు మాత్రం ఓబళప్ప గాజుల అంగడి షట్టరు లేవలేదు. ఆదివారం కూతురి పెళ్ళి పెట్టుకుని గాజులమ్ముతూ కూర్చునేదెవరు? అంగడి మీదే ఇల్లు. వంటింట్లో ఆయన అక్క రామక్క కాఫీ కలిపి, అది చల్లారితే మళ్ళీ వేడిచేసి, ఇక ఓపిక చాలక గొంతెత్తింది.

"ఓబళా, స్నానం చేస్తాండావా, అభిషేకం చేయించుకుంటాండావా? ఇంగ ఈ కాఫీ నేను కాచేది లేదు, చెప్తాండా!"

"వస్తి, వస్తి" అంటూ ఓబళప్ప తడి తలతోనే వచ్చాడు. కాఫీ వైపు చూడను కూడా చూడలేదు. నేరుగా వరండాలో కొక్కేనికి వేలాడుతున్న తడి మూట దగ్గరికి పోయి, పసిబిడ్డను ఉయ్యాల్లోంచి తీసినట్టు రెండు చేతులతో దించాడు.

"పాపా, రామ్మా! ఈ పొద్దుకి మొలకలొచ్చి ఉంటాయి. నువ్వే విప్పల్ల."

పాప అంటే పల్లవి. ముప్పై దాటింది, ఊరికి ఉత్తరాన ఒక పెద్ద పరిశోధనాలయంలో ఉద్యోగం, ఆమె కింద చదువుకునే పిల్లలు లేచి నిలబడి మాట్లాడతారు. అయినా ఆ ఇంట్లో పాపే. జుట్టు ముడేసుకుంటూ వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. మూట ముడి విప్పింది.

లోపల తొమ్మిది రకాల గింజలు. గోధుమలు, వడ్లు, కందులు, పెసలు, శనగలు, మినుములు, అలసందలు, నువ్వులు, ఉలవలు. చాలామటుకు ఉబ్బాయి, మెత్తబడ్డాయి, అంతే. ఒక్కదానికీ తెల్లటి మొన రాలేదు. పైగా పులిసిన వాసన.

"చలికాలం కదా, ఒక దినం ఎక్కువ పడతాది" అన్నాడు ఓబళప్ప. ముఖం మాత్రం వాడిపోయింది. మళ్ళీ కాసిని నీళ్ళు చిలకరించి, ముడేసి, కొక్కేనికి తగిలించాడు. కాఫీ సంగతి ఇక ఆయనకు గుర్తే లేదు.

ఆ ఇంట్లో ఆచారం ఏమంటే, పెళ్ళిలో ముత్తైదువలు పాలికలనే మట్టి మూకుళ్ళలో చల్లే నవధాన్యాలను ఇంట్లోనే నానబెట్టి మొలకలు కట్టాలి. పెళ్ళికూతురి తల్లి చేతి గింజలై ఉండాలి. పల్లవి తల్లి భాగీరథమ్మ ఇప్పుడు లేదు. ఆరేళ్ళ కిందట డాక్టరు చెప్పాల్సిన మాట చెప్పాక, ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఆసుపత్రి నుంచి దార్లోనే ఆటో ఆపించి, గింజల అంగట్లో నిలబడి తొమ్మిది రకాలూ ఏరి ఏరి కొంది. ఇంటికొచ్చి చెరిగి, రాళ్ళు తీసి, చీర చెంగు చింపి మూటగట్టింది.

"పాప పెళ్ళికి నేనుండను గానీ నా గింజలుంటాయి. అవి మొలకెత్తినాయంటే నేనొచ్చినట్టే అనుకోండి" అంది మొగుడితో. అంది, ఆ దీపావళికి ముందే పోయింది.

ఓబళప్ప ఆ మూటను ఇత్తడి డబ్బాలో పెట్టి, డబ్బాను దేవుడి గూట్లో నందాదీపం పక్కనే ఉంచాడు. ఆ దీపం పగలూ రాత్రీ ఆరదు. పొద్దున నూనె పోసేటప్పుడు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి డబ్బా మీద చెయ్యి పెట్టేవాడు. వెచ్చగా ఉండేది. ఆ వెచ్చదనం ఆయనకు ఎంత ధైర్యమో ఎవరికీ చెప్పలేదు.

పల్లవి ఆ రోజంతా వంటింటికీ వరండాకూ తిరుగుతూనే ఉంది. ఆమెకు ఆ మూట దగ్గరికి వెళ్ళాలంటే భయంగా ఉంది. తండ్రితో మాటలు కలిసింది ఈ పెళ్ళి పుణ్యమా అనే. అంతకుముందు ఏడాది పాటు ఈ ఇంటి మెట్లు సరిగ్గా ఎక్కలేదు ఆమె.

ఆమె పనే తంటా తెచ్చింది. భూమ్మీద మొట్టమొదట ప్రాణం ఎట్లా పుట్టి ఉంటుందో వెతకడం ఆమె పని. ఒక బడిలో పిల్లలకు దాని గురించి చెబితే, ఎవరో వీడియో తీశారు. "ప్రాణం మొదలవడానికి ఏ మహిమా అక్కర్లేదనుకుంటున్నాం. నీళ్ళు, ఉప్పులు, ఎండ, బోలెడంత కాలం. అంతే" అని ఆమె నవ్వుతూ చెప్పిన ముక్క తిరిగి తిరిగి బళేపేట వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో పడింది. పక్కనే ఇనుప సామాన్ల అంగడి అశోక్‌కుమార్ ఊరుకుంటాడా?

"ఏమప్పా ఓబళప్పా, మీ పాప దేవుడికి రిటైర్మెంటు ఇచ్చేసిందంట గదా! పింఛనైనా ఇస్తారా ఆయనకి?"

ఓబళప్ప నవ్వలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర కూతుర్ని అడిగాడు. "మరి మొదటి గింజ ఎవరు వేసినారు? అది చెప్పు." ఆమె చెప్పింది. మొదట గింజే లేదంది, గింజకు ముందు ఇంకేదో, దానికి ముందు ఇంకేదో అంది. "అన్నిటికంటే ముందు?" అంటే, "అది ఇంకా తెలీదప్పా, కానీ తెలీనంత మాత్రాన దేవుడే చేసినాడని రాసుకోలేం గదా" అంది. ఆయన కంచం తోసేసి లేచాడు. ఎప్పుడో కోట్ల ఏళ్ళ నాటి సంగతికి ఈ మనిషికింత కోపమేమిటో ఆమెకు అంతుపట్టలేదు. అప్పటి నుంచీ రెండు ఫోన్ల మధ్య రామక్కే రాయబారి.

మరునాడు పొద్దున మూట విప్పితే వాసన ఇంకా ముదిరింది. గోధుమల మీద బూజు. పెసలు వేళ్ళ మధ్య జిగురుగా చితికిపోయాయి. ఓబళప్ప వేళ్ళ జిగురు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"మీ అమ్మకు ఇష్టం లేదు."

"అప్పా!"

"మొలకెత్తితే వచ్చినట్టే అనింది. రాలేదంటే ఏమర్థం? పెళ్ళికొడుకు వాళ్ళ ఇంటికి నేనే ఫోన్ చేస్తా. ముహూర్తం ఇంకోటి చూసుకుందాం."

"పత్రికలు పంచేసినాం ఓబళా, పెళ్ళి ఛత్రం మాట్లాడేసినాం!" రామక్క గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"పిచ్చే అనుకో అక్కా. ఆమె రాని పెళ్ళి నేను చేయను." అని మూట తీసుకుని మిద్దె మీదికి వెళ్ళిపోయాడు.

రామక్క మేనకోడల్ని వంటింట్లోకి లాగి తలుపు మూసింది. ఆమె భక్తి గల మనిషి. శనివారం ఒంటిపూట, ఏకాదశి ఉపవాసం, కార్తీకం నెలంతా చన్నీళ్ళు. ఆమె నోట వచ్చిన మాట విని పల్లవి తెల్లబోయింది.

"చూడమ్మా, నగర్తపేటలో మంచి గింజలు దొరుకుతాయి. నేను గుడికి పోతానని చెప్పి తెస్తా. నా గదిలో నానబెడతా. మొలకలొస్తానే ఈ మూటలో పోసి పెడదాం. మీ అప్ప చూస్తాడు, సంతోషపడతాడు, పెళ్ళైపోతాది. దేవుడేమీ అనుకోడులే, ఆయన నాకు బాగా తెలుసు."

పల్లవికి ఏడుపులో నవ్వొచ్చింది. "వద్దత్తా."

"ఏమిటికి వద్దు? నువ్వేమన్నా ఇవన్నీ నమ్మేదానివా!"

"నేను నమ్మను గనకనే అత్తా. ఆయన ఆ మొలకల మీద చెయ్యి పెట్టి అమ్మ వచ్చిందని కళ్ళకద్దుకుంటాడు. అవి అంగడి గింజలని నాకు తెలిసి, నేను పక్కన నిలబడి చూస్తా ఉండాల్నా? అమ్మ పేరు చెప్పి ఆయన్ని మోసం చేయలేను."

"అయితే నిజమే చెప్పుకో పో" అంది రామక్క విసుగ్గా. "నీ నిజంతో ఏమైతాదో చూద్దాం."

మిద్దె మీద ఎండ అప్పుడే కాస్తోంది. పిట్టగోడ అవతల అన్నీ నీళ్ళ ట్యాంకులే. ఓబళప్ప మూటను ఒళ్ళో పెట్టుకుని గచ్చు మీద కూర్చున్నాడు. పల్లవి ఎదురుగా కూర్చుంది. బుద్ధిగా, నెమ్మదిగా చెబుదామనే వచ్చింది.

"అప్పా, అమ్మకు కోపమూ లేదు, ఇష్టం లేకపోవడమూ లేదు. గింజ కూడా ప్రాణమున్నదే. అది ఊపిరి తీసుకుంటాది, ముసలిదవుతాది, చచ్చిపోతాది. ఇవి చచ్చిపోయినాయి. అంతే."

"దేవుడి ముందర పెట్టిన గింజలు ఎట్ల చస్తాయి?"

"పెట్టేదానికీ చచ్చేదానికీ సంబంధం లేదప్పా."

"సంబంధం లేదు! నీకు దేనికీ దేనికీ సంబంధం లేదు. ప్రపంచం దానంతటదే పుట్టె, ప్రాణం దానంతటదే వచ్చె, గింజలు వాటంతటవే చచ్చె. మీ అమ్మ ఏరి ఏరి కట్టిందే, ఆ చేతికీ సంబంధం లేదా? నేను ఆరేండ్లు కాపాడితినే, దానికీ లేదా?"

ఏడాదిగా మింగిన కోపం పల్లవి గొంతులోకి వచ్చింది. అనకూడని మాట అనేసింది.

"ఉండాది! సంబంధం ఉండాదప్పా! రాత్రీ పగలూ ఆరని దీపం పక్కన డబ్బా పెడితే వేడికి గింజ బతుకుతాదా? చల్లగా అల్మారాలో పడేసింటే కొన్నైనా మొలిచేవి. నువ్వు కాపాడినందుకే చచ్చిపోయినాయి!"

ఓబళప్పకు డబ్బా మీద చెయ్యి పెట్టినప్పటి వెచ్చదనం గుర్తొచ్చిందేమో, తన అరచెయ్యి తనే చూసుకున్నాడు. తర్వాత ఒక్కసారిగా మూటను గచ్చు మీద విసిరికొట్టాడు. గింజలన్నీ చెల్లాచెదురుగా పడ్డాయి. కుళ్ళినవి అతుక్కుపోయాయి, గట్టివి దొర్లిపోయాయి.

"సరే! నేనే చంపితిని. ఒప్పుకుంటా. మొదట్లో ఎవరూ లేరంటావు, ఒప్పుకుంటా. నువ్వు చదివినదానివి, నీకే తెలుసు. ఒక్కటి చెప్పు పాపా, ఇదొక్కటి చెప్పు. ప్రాణం యాడ్నుంచీ రాలేదు, ఎవరూ ఇయ్యలేదు అంటే, పోయేటప్పుడు యాడికి పోతాది? ఇచ్చినోడే లేకపోతే మీ అమ్మ ఎవరి దగ్గరికి పోయినట్టు?"

ఆ మాట అడిగి ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. గాజులు బేరమాడుతూ, నలుగురినీ నవ్విస్తూ బతికిన మనిషి, చిన్నపిల్లాడిలా ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చాడు.

పల్లవికి అప్పుడర్థమైంది. ఇదా! కంచం తోసేసింది ఇందుకా! ప్రపంచం ఎట్లా మొదలైందోనని ఆయన ఏనాడూ పోట్లాడలేదు. భార్య ఎక్కడుందోనని పోట్లాడాడు. ఆ ప్రశ్నకు ఉన్న ఒక్క తలుపునూ కూతురు నవ్వుతూ, బడిపిల్లల ముందు, మూసేసింది. ఇంత చదువు చదివి తనకీ చిన్న సంగతి తట్టలేదు.

"తెలీదప్పా" అంది. "అమ్మ యాడుందో నాకు తెలీదు. ఎనిమిదేండ్లుగా గాజు సీసాల్లో ఉప్పు నీళ్ళు ఎండబెడతాండా, తడుపుతాండా. ఒక్క సీసాలో ఒక్క ప్రాణం పుట్టలేదు. ఎట్ల పుట్టి ఉంటాదో కొంచెం కొంచెం అర్థమవుతాది, అంతే. తెలీని చోట తెలుసని చెప్పలేను. చెప్పాలని ఉంటాది. చానా ఉంటాది. అమ్మ పోయిన రాత్రి నువ్వు దేవుడి గూటి ముందు కూచుంటివి. నాకు కూచునే చోటు లేకపోయెనప్పా. అంగట్లోకి దిగి అమ్మ కుర్చీలో కూచుంటిని. ఇప్పుడు కూడా ఇంటికొస్తే ముందు ఆ కుర్చీనే చూస్తా. ఎవరన్నా పిల్లకి గాజులు తొడుగుతా ఉంటాదేమోనని చూస్తా. ఉండదని తెలుసు, అయినా చూస్తా."

ఓబళప్ప ఏడుపు ఆగింది. కూతుర్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. నమ్మకం లేని వాళ్ళకు లోటు కూడా ఉండదని ఇన్నాళ్ళూ అనుకున్నాడాయన. ఆయనకు డబ్బా ఉండేది, దీపం ఉండేది, పొద్దున్నే రెండు మాటలు చెప్పుకోవడానికి ఒక గూడు ఉండేది. ఈ పిల్లకు ఏముండేది?

"నీకు దేవుడూ లేడు, అమ్మా లేదు" అన్నాడు మెల్లిగా. "ఇన్ని దినాలు ఒక్కదానివే ఎట్ల తట్టుకుంటివే తల్లీ?"

అంతే. పల్లవి తండ్రి ఒళ్ళో తల పెట్టి, అమ్మ పోయినప్పుడు ఏడవని ఏడుపంతా ఏడ్చింది. ఆయన ఆమె తల నిమురుతూ కూర్చున్నాడు. మెట్ల దగ్గర రామక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చూసీ చూడనట్టు కిందికి దిగిపోయింది.

కాసేపటికి ఓబళప్ప మోకాళ్ళ మీద వంగి గింజలు ఏరడం మొదలుపెట్టాడు. పల్లవి కూడా వంగింది. గచ్చు గరుకుగా ఉంది, ఆయన అరచేత్తో రాసి రాసి గింజల్ని కుప్పచేస్తున్నాడు.

"ఇవి చూడు, నానను కూడా నానలేదు" అన్నాడు. ఆయన చేతిలో ఉలవలు. రాళ్ళలా ఉన్నాయి.

"ఉలవకి తోలు గట్టిదప్పా. ఎక్కడన్నా గీసుకుంటే గాని లోపలికి నీళ్ళు పోవు."

"ఓహో" అన్నాడు. ఆ ఉలవలను కుప్పలో పోశాడు. తర్వాత, "ఇవన్నీ చెత్తలో వేయలేను పాపా" అన్నాడు.

"వద్దప్పా. మట్టిలో పెడదాం."

పాలికల కోసం తెప్పించిన పుట్టమన్ను మూలన ఉంది. పాత తులసి కుండీ ఒకటి ఖాళీగా ఉంటే అందులో మన్ను పోసి, చచ్చిన గింజలన్నీ కప్పిపెట్టారు. ఓబళప్ప చెంబుతో నీళ్ళు పోసి, చేతులు జోడించాడు. పల్లవి జోడించలేదు. తండ్రి భుజానికి ఆనుకుని నిలబడింది.

కిందికి దిగాక ఆయనే అన్నాడు. "అక్కా, నగర్తపేటకి పోయి గింజలు తీసుకురా. దాచిపెట్టి కాదు, ఎదురుగానే నానబెట్టు. పెళ్ళి ఆదివారమే."

రామక్క నాలుక్కరుచుకుంది. "నీకు వినపడిందా?"

"నీ గుసగుసలు మైసూరు దాకా వినపడతాయి."

ఆ సాయంత్రం ఆయన ఇత్తడి డబ్బాను గూట్లోంచి తీసి, తుడిచి, అల్మారాలో పెట్టాడు. దీపానికి మాత్రం ఎప్పటిలాగే నూనె పోశాడు. గూటి ముందు చోటు చేసి కూతుర్ని పిలిచాడు. "దండం పెట్టమని కాదులే. సుమ్మనే, ఊరికే కూచో." ఆమె కూర్చుంది. ఇద్దరూ భాగీరథమ్మ గాజులు తొడిగే పద్ధతి గురించి మాట్లాడుకున్నారు, ఎంత ఇరుకు గాజైనా ఆమె పట్టుకుంటే పిల్లలు ఏడ్చేవాళ్ళు కాదని చెప్పుకున్నారు.

ఆదివారం పొద్దున ఇల్లంతా గలాటా. కింద వ్యాన్ హారన్ కొడుతోంది. కొత్త గింజల మొలకలు తెల్లగా, ముద్దుగా, తట్టలో సిద్ధంగా ఉన్నాయి. పట్టుచీర, పూలజడ, మోచేతుల దాకా తండ్రి ఏరిన పచ్చగాజులు. పల్లవికి బయల్దేరే ముందు ఒక్కసారి మిద్దె మీదికి వెళ్ళాలనిపించింది. ఎందుకో తనకే తెలీదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఎక్కింది.

కుండీలో మన్ను ఒకచోట చిట్లింది. చిట్లిన చోట వంకీ తిరిగిన లేత మొలక ఒకటి, తల ఇంకా పూర్తిగా ఎత్తలేదు. తల మీద ఉలవ తోలు టోపీలా అంటుకుని ఉంది.

"అప్పా!" అని అరిచింది. "అప్పా, రా!"

ఓబళప్ప పట్టుపంచె జారిపోతుంటే పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. చూశాడు. కుండీ ముందు కూలబడ్డాడు. తర్వాత, కూతురికి కష్టం కలగకూడదనుకున్నాడో ఏమో, గొంతు సవరించుకుని చెప్పాడు.

"ఉలవకి తోలు గట్టిది గదా. ఆ పొద్దు గచ్చు మీద గీసుకునింటాది. నీళ్ళు లోపలికి పోయినాయి. అంతే పాపా."

పల్లవి తల అడ్డంగా ఊపింది. కాటుక చెంపల మీదికి కారుతోంది.

"కాదప్పా. అమ్మ వచ్చింది."

ఆయన తలెత్తి చూశాడు. "నమ్మి అంటాండావా?"

"తెలీదు. అట్ల అనాలనిపించింది. అమ్మ కావాలనిపించిందప్పా."

"నాకూ అంతే తల్లీ" అన్నాడు ఓబళప్ప. "నాకు ఎప్పుడూ అంతే."

కింద నుంచి రామక్క ముహూర్తం దాటిపోతుందని కేకలు పెడుతోంది. ఓబళప్ప పంచె పైకి చెక్కుకుని, మొలక చుట్టూ వేళ్ళు దించి, వేరు తెగకుండా మన్నుతో సహా ఎత్తాడు. వరండాలో ఆ పొద్దు కూడా ఆయన తాగకుండా వదిలేసిన కాఫీ లోటా ఉంటే, కాఫీ పారబోసి, కడిగి, అందులో పెట్టాడు. వ్యాన్‌లో ఛత్రం చేరే దాకా దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. గుంతలు వచ్చిన ప్రతిచోటా ఒక వైపు నుంచి ఆయన చెయ్యి, ఇంకో వైపు నుంచి గాజుల చెయ్యి, రెండూ ఆ లోటాను పట్టుకున్నాయి.